యుద్ధం ఖర్చుకు విడిగా ఒక పద్దు

సైన్యం ఖర్చు మాట ఎత్తితే మన వైపు ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: "వాళ్లక్కడ ప్రాణాలిస్తుంటే నువ్విక్కడ పైసలు లెక్కబెడతావా?" 2025 మేలో ఆపరేషన్ సిందూర్ నడిచిన రోజుల్లో ఈ మాట మరీ గట్టిగా వినబడింది. ఆ రోజుల్లోనే గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన అగ్నివీర్ జవాను ఒకరు సరిహద్దులో అమరుడయ్యాడు. కాబట్టి ఆ మాట వెనక ఉన్న బాధ నిజమైనదే, దాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. అయితే ప్రాణాలు పణంగా పెట్టిన పనికి లెక్క ఇంకా పక్కాగా ఉండాలి కదా.

ఇక్కడ వాదించేది ఒక్కటే. సైనిక చర్యకు ముందే పార్లమెంటు అనుమతి తీసుకోవాలని నేననడం లేదు. అర్ధరాత్రి తీసుకోవలసిన నిర్ణయాలకు 543 మంది ఓట్లు అడగడం కుదరదు. కానీ చర్య మొదలయ్యాక దానికైన ఖర్చును మామూలు రక్షణ బడ్జెట్‌లో కలిపేయకూడదు. దానికి విడిగా పద్దు (ఇంత మొత్తం మంజూరు చేయమని సభను అడిగే అభ్యర్థన) పెట్టి, లోక్‌సభ ఓటు తీసుకుని, ఆ తర్వాత లెక్క అప్పజెప్పాలి. 2025 జులై చివర్లో సిందూర్ మీద ఉభయ సభల్లో మూడు రోజుల పాటు చర్చ జరిగింది. ప్రధాని, రక్షణ మంత్రి, ప్రతిపక్ష నేత అందరూ మాట్లాడారు. చర్చ ముగిశాక మంజూరు చేయాల్సిన మొత్తం గానీ, ఓటు వేయాల్సిన పద్దు గానీ సభ ముందు లేవు.

దత్తమండలాల అనుభవం

సైన్యం ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న మన సీమకు కొత్త కాదు. అసలు ఈ నేల చేతులు మారిందే ఆ ఖర్చు కింద. తన రాజ్యంలో ఉంచిన ఇంగ్లీషు పటాలానికి డబ్బు కట్టే బదులుగా, 1800 అక్టోబరు ఒప్పందంలో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి రాసిచ్చాడు. నేటి కడప, అనంతపురం, బళ్లారి, కర్నూలులో కొంత భాగం అలా దత్తమండలాలయ్యాయి. ఇక్కడి రైతు కట్టిన శిస్తు ఏ పటాలానికి పోతుందో అతన్ని అడిగినవాళ్లు లేరు.

1858లో పాలన కంపెనీ నుంచి రాణికి మారినప్పుడు చేసిన చట్టంలో 55వ సెక్షన్ ఒకటి ఉంది. దండయాత్రను తిప్పికొట్టడానికో, హఠాత్తుగా వచ్చిపడిన అవసరానికో తప్ప, భారత ఆదాయాన్ని సరిహద్దు అవతల సైనిక చర్యకు వాడాలంటే బ్రిటిష్ పార్లమెంటు రెండు సభలూ సమ్మతించాలి. చట్టసభ చేతిలో సైనిక ఖర్చును ఉంచాలన్న సూత్రం కాగితం మీద అంత స్పష్టంగా రాసిపెట్టి ఉంది. 1878 నవంబరులో అఫ్గాన్ యుద్ధం వచ్చింది. డిసెంబరులో ఆ సెక్షన్ ప్రకారమే తీర్మానం పెట్టారు, రెండు సభలూ సమ్మతించాయి, ఖర్చు భారత ఖజానా మీద పడింది. అప్పటికి 1876-78 నాటి ధాత కరువు దత్తమండలాల్లో పల్లెలకు పల్లెలను ఖాళీ చేసి ఇంకా కోలుకోనివ్వని సమయం. కరువు బీమా పేరుతో వేసిన కొత్త పన్నుల డబ్బు యుద్ధానికి మళ్లుతోందన్న విమర్శ అప్పట్లోనే గట్టిగా వచ్చింది.

నియమం ఉంది, తీర్మానం ఉంది, ఓటు కూడా జరిగింది. కానీ ఓటు వేసినవాళ్లు పన్ను కట్టినవాళ్లకు జవాబుదారులు కారు. 1919, 1935 చట్టాలొచ్చాక ఇక్కడ చట్టసభలైతే ఏర్పడ్డాయి గానీ రక్షణ ఖర్చును వాటి ఓటుకు అందకుండా పక్కన పెట్టారు. రక్షణ పద్దు మీద ఎన్నికైన సభ ఓటు వేయడం స్వాతంత్ర్యంతో మనకు దక్కిన హక్కు. దాన్ని ఎంత వాడుకుంటున్నామన్నదే ఇప్పుడు చూడాల్సింది.

ఖర్చు ఎక్కడ దాగుతుంది

2025-26 బడ్జెట్‌లో రక్షణ శాఖకు 6,81,210 కోట్లు. ఇది లోక్‌సభకు నాలుగు పద్దులుగా వెళ్తుంది: శాఖ పౌర విభాగం, సైనిక సర్వీసుల రెవెన్యూ ఖర్చు (3,11,732 కోట్లు), మూలధన ఖర్చు (1,80,000 కోట్లు), పింఛన్లు (1,60,795 కోట్లు). ఒకప్పుడు ఆర్మీకి, నేవీకి, వైమానిక దళానికి రెవెన్యూ పద్దులు విడివిడిగా ఉండేవి. ఆ తర్వాత వాటిని ఒకే పద్దులోకి చేర్చారు. అంటే మూడు లక్షల కోట్ల పైచిలుకు మొత్తం మీద సభ్యుడికి ఉన్నది ఒక్క ఓటు.

సభ ఆ పద్దుకు ఓకే అన్నాక, ఖజానా నుంచి డబ్బు తీయడానికి అనుమతిచ్చే ద్రవ్య వినిమయ బిల్లు పాసయ్యాక, ఆ పద్దు లోపల డబ్బును ఒక తల (ఖర్చు శీర్షిక) నుంచి ఇంకో తలకు మార్చుకునే వెసులుబాటు శాఖకు ఉంటుంది. రెవెన్యూ నుంచి మూలధనానికి, ఒక పద్దు నుంచి మరో పద్దుకు మార్చాలంటే మాత్రం మళ్లీ సభకు రావాలి. కాబట్టి పద్దు ఎంత పెద్దదైతే సభ ప్రమేయం లేకుండా కదిలే డబ్బు అంత ఎక్కువ.

ఇప్పుడు ఒక సైనిక చర్య జరిగిందనుకుందాం. ఆర్మీ ఖర్చు 2076 అనే ప్రధాన శీర్షిక కింద రాస్తారు. బలగాలను తరలించిన రైళ్లు, లారీలు రవాణా తల కింద పడతాయి. ఇంధనం, మందుగుండు, రేషన్ స్టోర్ల తల కింద. బంకర్లు, రోడ్లు పనుల తల కింద. ఫీల్డ్ అలవెన్సులు జీతాల తల కింద. చనిపోయిన జవాను కుటుంబానికిచ్చే ప్రత్యేక పింఛను వేరే పద్దులో, దశాబ్దాల పాటు. ఈ తలలన్నీ శాంతి సమయంలోనూ ఉండేవే. చర్య వల్ల అదనంగా పడింది ఎంతో విడదీసి చూపే గడి బడ్జెట్ పుస్తకంలో లేదు.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. మన ప్రభుత్వ లెక్కలు నగదు లెక్కలు, డబ్బు చేతులు మారిన ఏడాదే ఖర్చు రాస్తారు. పదేళ్ల కిందట కొన్న క్షిపణిని ఈ ఏడాది పేలిస్తే ఈ ఏడాది ఖర్చు సున్నా. గోదాములోంచి తీసి కాల్చిన ప్రతి గుండూ అంతే. దాని స్థానంలో కొత్తది కొన్నప్పుడే అది ఖర్చుగా కనబడుతుంది. అది మూడేళ్ల తర్వాత కావచ్చు, అప్పటికి వేరే ప్రభుత్వం ఉండొచ్చు, ఎందుకు కొంటున్నారో సభకు గుర్తుండకపోవచ్చు. విమానం ఇంజను ఓవర్‌హాల్‌కు ముందు ఎన్ని గంటలు ఎగరగలదో లెక్క ఉంటుంది. చర్యలో కరిగిన ఆ గంటలు కూడా ఏ పద్దులోనూ ఎక్కవు.

ఈ కనబడని తరుగు ఎటు దారితీస్తుందో ప్రభుత్వ లెక్కలను ఆడిట్ చేసే కాగ్ 2017 నివేదికలో ఉంది. నలభై రోజుల తీవ్ర యుద్ధానికి సరిపడా మందుగుండు నిల్వ ఉండాలన్నది నియమం, కనీసం ఇరవై రోజులకైనా తగ్గకూడదు. పరిశీలించిన 152 రకాల్లో దాదాపు 40 శాతం పది రోజులకు కూడా చాలవని కాగ్ తేల్చింది. నిల్వ తగ్గినప్పుడే అది ఖర్చు కింద నమోదై ఉంటే అంత దూరం వచ్చేదాకా సభకు తెలియకుండా ఉండేది కాదు. లెక్క అడగడం సైన్యానికి వ్యతిరేకం అనేవాళ్లు ఈ ఒక్క విషయం చూడాలి. లెక్క లేకపోవడం వల్ల ముందు నష్టపోయేది సైన్యమే.

2018 మార్చి 13, 14

పద్దుల మీద సభ నిజంగా ఏం చేస్తోందో చెప్పడానికి ఆ రెండు రోజులు చాలు.

మార్చి 13న రక్షణ స్థాయీ సంఘం (రక్షణ శాఖ పద్దులను పరిశీలించే ఎంపీల కమిటీ) నివేదికను పార్లమెంటులో పెట్టారు. అందులో ఆర్మీ ఉప ప్రధానాధికారి కమిటీ ముందు చెప్పిన మాటలున్నాయి. ఆధునికీకరణకు ఇచ్చింది 21,338 కోట్లు. అప్పటికే నడుస్తున్న 125 కొనుగోళ్ల వాయిదాలు కట్టడానికే 29,033 కోట్లు కావాలి. అంటే కొత్తగా ఒక్కటి కొనకుండానే ఏడున్నర వేల కోట్లకు పైగా లోటు. ఆర్మీ సామగ్రిలో 68 శాతం పాతబడినదేనని కూడా ఆయనే చెప్పారు. యూనిఫాంలో ఉన్న సీనియర్ అధికారి ప్రభుత్వ కేటాయింపు చాలదని ఇంత తేటగా చెప్పగల చోటు మన వ్యవస్థలో ఆ కమిటీ గది ఒక్కటే.

మర్నాడు, మార్చి 14న, లోక్‌సభలో గిలెటిన్ పడింది. అన్ని శాఖల పద్దులూ కలిపి చర్చ లేకుండా మూజువాణీ ఓటుతో పాసయ్యాయి. రక్షణ పద్దులూ వాటిలోనే పోయాయి. ముందురోజు వచ్చిన నివేదిక మీద ఒక్క నిమిషం చర్చ లేదు. ఆ రోజుల్లో సభ అరుపుల మధ్య నడుస్తోంది. మన ఆంధ్ర ఎంపీలు ప్రత్యేక హోదా కోసం వెల్‌లోకి దిగినవాళ్లలో ముందున్నారు. హోదా అడగడం న్యాయమే. కానీ తప్పు ప్రభుత్వానిదొక్కటే అనడానికి వీల్లేదు. 2013లోనూ, 2023లోనూ పద్దులన్నీ ఇలాగే చర్చ లేకుండా దాటిపోయాయి. పార్టీలు మారాయి, అలవాటు మారలేదు.

గ్రామ పంచాయతీలో బోరు మోటారు కాలిపోతే సర్పంచి తీర్మానం రాయించి, బిల్లు పెట్టి, ట్రెజరీ నుంచి డబ్బు తెచ్చుకోవాలి. ఆ తీర్మానం మీద వార్డు సభ్యులు ఎంత తగవులాడతారో పల్లెలో ఉన్నవాళ్లకు తెలుసు. ఆరు లక్షల కోట్లకు ఆ మాత్రం తగవు కూడా లేదు.

సీమ నుంచి వెళ్లినవాళ్ల చేతి మీదుగా

పార్లమెంటుకు సైనిక ఖర్చు మీద ఉన్న పట్టులో రెండు ముఖ్యమైన పనిముట్లు మన ప్రాంతంతో ముడిపడి ఉన్నాయి.

మొదటిది, ఖర్చయ్యాక ప్రభుత్వ లెక్కలను పరిశీలించే ప్రజా పద్దుల సంఘం. 1967 వరకు దానికి పాలక పక్షం సభ్యుడే అధ్యక్షుడు. ఆ ఏడాది మొదటిసారి ప్రతిపక్షానికి, స్వతంత్ర పార్టీకి చెందిన మినూ మసానీకి, ఆ పదవి ఇచ్చారు. ఆ నియామకం చేయాల్సింది స్పీకరు. అప్పటి స్పీకరు అనంతపురం జిల్లా ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి. హిందూపురం నుంచి గెలిచి, స్పీకరు కాగానే పార్టీకి రాజీనామా చేసిన మనిషి. ఆనాటి నుంచి ఆ కుర్చీ ప్రతిపక్షానిదే.

రెండోది శాఖలవారీ స్థాయీ సంఘాలు. 1993లో ఇవి పూర్తి స్థాయిలో ఏర్పడ్డప్పుడు ప్రధాని పీవీ నరసింహారావు, ఆయన నంద్యాల ఎంపీ. ఇప్పుడు ఒక్కో సంఘంలో 31 మంది, లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. మంత్రులుండరు, కెమెరాలుండవు. విప్ (పార్టీ ఆదేశం) బెడద లేకుండా సభ్యులు మాట్లాడగలిగే చోటు ఇదే. వాటి సిఫార్సులకు ప్రభుత్వం కట్టుబడి ఉండాల్సిన పని లేదన్నది వాటి బలహీనత.

ఈ రెండింటికీ మధ్య ఖాళీ ఒకటుంది. స్థాయీ సంఘం చూసేది రాబోయే ఏడాది పద్దు. ప్రజా పద్దుల సంఘం చూసేది కాగ్ నివేదిక వచ్చాక, ఏళ్ల తర్వాత. ఇప్పుడు నడుస్తున్న చర్య ఖర్చు ఇద్దరి చూపుకూ అందదు.

116లో ఉన్న దారి

ఈ ఖాళీని పూడ్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. రాజ్యాంగం 116వ అధికరణంలో మూడు రకాల గ్రాంట్లున్నాయి. ఓటాన్ అకౌంట్ అందరికీ తెలిసిందే. దాని పక్కనే ఉన్నది ఓట్ ఆఫ్ క్రెడిట్. అనుకోని అవసరం వచ్చి, అది ఎంత పెద్దదో ఎంతకాలం సాగుతుందో తెలియక మామూలు వివరాలు ఇవ్వలేనప్పుడు లోక్‌సభ ఒక మొత్తాన్ని మంజూరు చేయొచ్చు. యుద్ధానికి సరిగ్గా సరిపోయే ఏర్పాటు ఇది. దీని మూలం బ్రిటిష్ సంప్రదాయం. మొదటి ప్రపంచ యుద్ధంలోకి బ్రిటన్ దిగిన మూడో రోజున, 1914 ఆగస్టు 6న, అక్కడి సభ పది కోట్ల పౌండ్లు ఇలాగే మంజూరు చేసింది. ఆ తర్వాత డబ్బు అయిపోయిన ప్రతిసారీ ప్రభుత్వం మళ్లీ సభకు వచ్చింది, వచ్చిన ప్రతిసారీ యుద్ధం ఎలా నడుస్తోందో చర్చ జరిగింది.

మన దగ్గర ఇలా చేయొచ్చు. చర్య మొదలయ్యాక వచ్చే మొదటి సమావేశంలో అనుబంధ పద్దులతో (ఏడాది మధ్యలో అదనంగా అడిగేవి) పాటు ఆ చర్య పేరుతో ఓట్ ఆఫ్ క్రెడిట్ ఒకటి పెట్టాలి. ఖాతాల్లో దానికి సొంత ఉపశీర్షిక ఇవ్వాలి. కాల్చిన మందుగుండును కొనుగోలు ధరకు కాక, తిరిగి నింపుకోవడానికయ్యే ధరకు లెక్కగట్టి ఆ శీర్షిక కింద చూపాలి. రైల్వే, చమురు కంపెనీల బిల్లులు నెలలు ఆలస్యంగా వస్తాయి కాబట్టి లెక్క మూయడానికి రెండు ఆర్థిక సంవత్సరాల గడువు పెట్టుకోవాలి. ఈలోగా స్థాయీ సంఘానికి తలుపులు మూసి వివరాలు చెప్పాలి. గడువు దాటాక కాగ్ ఆడిట్ చేయాలి.

ఎదురు వచ్చే మాటలు

రహస్యం అన్నది మొదటి అభ్యంతరం, దాన్ని తేలిగ్గా తీసేయలేం. ఎన్ని క్షిపణులు కాల్చామో శత్రువు చదివితే ఎన్ని మిగిలాయో లెక్కగడతాడు. అందుకే సభకు ఒక మొత్తం చాలు, రకాలవారీ వివరాలు కమిటీకి మాత్రమే. అయితే రహస్యం పేరుతో ఎంత దూరం పోతున్నామో కూడా చూడాలి. 2019 ఫిబ్రవరిలో రఫేల్ యుద్ధవిమానాల కొనుగోలు మీద కాగ్ నివేదిక వచ్చినప్పుడు ధరల అంకెలు కొట్టేసి సభ ముందు పెట్టారు. కొన్నేళ్లుగా రక్షణ ఆడిట్ నివేదికలు కాగ్ వెబ్‌సైటులో పెట్టడమే మానేశారు. శత్రువుకు దాచడం ఒకటి, ఓటు వేసే సభ్యుడికి దాచడం ఇంకొకటి. ఓర్వకల్లు దగ్గర డీఆర్‌డీఓ పరీక్షా కేంద్రంలో 2025 ఏప్రిల్‌లో లేజర్ ఆయుధాన్ని, జులైలో డ్రోను నుంచి వదిలే క్షిపణిని పరీక్షిస్తే వీడియోలతో సహా ప్రకటించారు. ఆయుధం శక్తి చాటుకోవచ్చు గానీ ఖర్చు చెప్పకూడదన్న వాదన నాకు మింగుడు పడదు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. యుద్ధం మధ్యలో ఏ సభ్యుడు డబ్బు కాదంటాడు? పైగా ఫిరాయింపుల చట్టం ఉంది, ఒక పద్దు ఓడితే ప్రభుత్వమే పడిపోతుంది. ఓటు లాంఛనమే అవుతుంది కదా? అవుతుంది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అమెరికా కాంగ్రెస్ 1973లో ఇండోచైనా యుద్ధానికి డబ్బు ఆపి, ఆగస్టు 15 గడువు పెట్టగలిగిందంటే అక్కడ సభ్యుడి ఓటు మీద పార్టీ పెత్తనం తక్కువ. ఇక్కడ అది జరగదు. నేను అడిగేది ఆపే అధికారం కాదు. ఓటు అడగాలంటే అంకె చెప్పాలి, అంకె చెబితే అది రికార్డులో ఉంటుంది, రికార్డులో ఉన్నదాన్ని ఆడిట్ చేయొచ్చు. 1987లో మన సైన్యం శాంతి దళంగా శ్రీలంక వెళ్లింది, 1990 మార్చిలో తిరిగొచ్చింది, వెయ్యి మందికి పైగా సైనికులు ప్రాణాలు కోల్పోయారు. దాదాపు మూడేళ్లలో ఒక్కసారైనా ఆ చర్య పేరుతో ఓటు అడగాల్సి వచ్చుంటే, ఇంకెంత కాలం అన్న ప్రశ్నకు మంత్రి సభలో నిలబడి జవాబు చెప్పాల్సి వచ్చేది.

మూడోది, యుద్ధం వచ్చినప్పుడు లోక్‌సభే లేకపోతే ఎలా అన్నది. 1999లో అదే జరిగింది. ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. బడ్జెట్‌ను చర్చ లేకుండా పాస్ చేసి, ఏప్రిల్ 26న లోక్‌సభను రద్దు చేశారు. కార్గిల్ యుద్ధం మొత్తం లోక్‌సభ లేని కాలంలో, ఆపద్ధర్మ ప్రభుత్వం చేతిలో నడిచింది. రాజ్యసభనైనా పిలవమని ప్రతిపక్షాలు అడిగాయి, పిలవలేదు. 1962లో చైనా యుద్ధం మధ్యలో పార్లమెంటును పిలవాలని పట్టుబట్టిన యువ ఎంపీ వాజపేయే. నెహ్రూ సమావేశాన్ని ముందుకు జరిపి నవంబరు 8న సభ పెట్టారు, చర్చ రోజుల తరబడి సాగింది. కార్గిల్ తర్వాత, అత్యవసరంగా కొన్న సామగ్రిలో చాలా భాగం యుద్ధం ముగిశాకే చేరిందని 2001లో కాగ్ తేల్చింది. రక్షణ బడ్జెట్ 1999-2000లో 45,694 కోట్లుగా మొదలై మరుసటి ఏడాది 58,587 కోట్లకు ఎగబాకింది. ఆ పెరుగుదలలో కార్గిల్ వాటా ఎంతో బడ్జెట్ పత్రాలు విడదీసి చెప్పవు.

లోక్‌సభ లేనప్పుడు ఓట్ ఆఫ్ క్రెడిట్ కుదరదు. అప్పుడు మిగిలేది అనుకోని ఖర్చులకు ప్రభుత్వం చేతిలో ఉండే ఆగంతుక నిధి. అది 2021లో 500 కోట్ల నుంచి 30,000 కోట్లకు పెరిగింది. అందులోంచి తీసినదాన్ని తర్వాతి సమావేశంలో అనుబంధ పద్దుగా తెచ్చి నింపాలి. ఆ నింపే పద్దును చర్య పేరుతోనే తేవాలని నియమం పెడితే 1999 లాంటి పరిస్థితిలోనూ లెక్క తప్పిపోదు. ఆలస్యంగా వస్తుంది, అంతే.

ఇప్పటికిప్పుడు చేయగలిగింది

కర్నూలు, నంద్యాల, అనంతపురం, హిందూపురం, కడప, రాజంపేట: ఆరు లోక్‌సభ సీట్లు. ఈ ఆరుగురు ఎంపీలు ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. అనుబంధ పద్దులు ఏడాదికి సాధారణంగా రెండు మూడు విడతల్లో వస్తాయి. రక్షణ పద్దు అందులో ఉన్నప్పుడు ఎవరైనా సభ్యుడు నూరు రూపాయల కోత తీర్మానానికి నోటీసు ఇవ్వొచ్చు. అది డబ్బు తగ్గించడానికి కాదు, ఒక నిర్దిష్ట విషయాన్ని సభ దృష్టికి తేవడానికి. పాలక పక్ష సభ్యుడు అది చేయకపోవచ్చు. ఆయన పదిహేను రోజుల ముందు నోటీసుతో లిఖితపూర్వక ప్రశ్న వేయొచ్చు, దానికి ఏ విప్పూ అడ్డు రాదు. ప్రశ్నను "మొత్తం ఎంత ఖర్చయింది" అని వేస్తే దేశ భద్రత దృష్ట్యా చెప్పలేమన్న ఒక్క వాక్యంతో ముగుస్తుంది. రవాణాకు, నిల్వల భర్తీకి, మరణించిన సైనికుల కుటుంబాల చెల్లింపులకు 2025-26లో మొదటి కేటాయింపు ఎంత, సవరించిన అంచనా ఎంత, తేడాకు కారణం ఏమిటి అని మూడు ముక్కలుగా విడగొట్టి అడగాలి. మొదటి రెండూ బడ్జెట్ పత్రాల్లో అచ్చయ్యే అంకెలే కాబట్టి రహస్యమనడానికి వీలుండదు. మంత్రి కొత్తగా చెప్పాల్సింది మూడోదొక్కటే.